చెమటను ఆపే స్టిక్: నాణ్యత తేలేది చల్లారేటప్పుడే

యాంటీపెర్స్పిరెంట్ స్టిక్ కొనేవాళ్లు వాసన చూస్తారు, ఎన్ని గంటలు పనిచేస్తుందో చూస్తారు. ప్రకటనలూ అవే చెబుతాయి. తయారీదారుల తలనొప్పి మాత్రం వేరే చోట ఉంది: కరిగిన మిశ్రమాన్ని ఎంత వేడి మీద పోయాలి, ఎంత వేగంగా చల్లార్చాలి? సరుకు మంచిదో కాదో తేల్చేది పదార్థాల జాబితా కన్నా ఇదేనని నా అభిప్రాయం.

చెమటను ఆపేది అల్యూమినియం లవణం. స్టిక్కులలో ఎక్కువగా జిర్కోనియం, గ్లైసిన్‌తో కలిసిన రూపంలో వాడతారు. అది చెమటలో కరిగి, స్వేదనాళంలో జెల్‌గా మారి కొంతకాలం దారి మూస్తుంది. అమెరికాలో యాంటీపెర్స్పిరెంట్‌ను ఔషధంగా పరిగణిస్తారు. అక్కడ స్టిక్‌లో ఈ జిర్కోనియం లవణం 20 శాతం మించకూడదు. ఐరోపాలో మాత్రం ఇది సౌందర్య సాధనమే.

వాసనను మాత్రమే అణిచే డియోడరెంట్ స్టిక్కులను చాలావరకు సబ్బుతో గట్టిపరుస్తారు. ఇక్కడ ఆ దారి లేదు. ఆమ్లగుణం ఉన్న ఈ లవణాలు సబ్బును విరగ్గొడతాయి. అందుకే నీళ్లు లేని మైనపు మిశ్రమం: గట్టిదనానికి మైనం లాంటి స్టీరైల్ ఆల్కహాల్, హైడ్రోజన్ పట్టించిన ఆముదం; వాటిని మోసే ద్రవంగా త్వరగా ఆవిరయ్యే డీ5 అనే సిలికోన్.

మైనాలు కరగడానికి సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, లవణం పొడిని కలుపుతారు. ఆ పొడి కరగదు, ద్రవంలో తేలుతూ ఉంటుంది. చిక్కంతా అక్కడే. మరీ వేడిగా పోస్తే ద్రవం పలచగా ఉండి, గట్టిపడేలోపే పొడి కిందికి దిగుతుంది. అప్పుడు ఒకే స్టిక్‌లో ఒక కొస గరుకు, ఇంకో కొస వట్టి మైనం. వేడి తగ్గాక పోస్తే గొట్టాల్లోనే పేరుకుంటుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న వెసులుబాటు కొద్ది డిగ్రీలే. పైగా మైనం చల్లారుతూ కుంచించుకుపోతుంది. అంచులు ముందు బిగుసుకుంటాయి కాబట్టి నడుమ గుంట పడుతుంది, ఒక్కోసారి లోపల బోలు మిగులుతుంది. పై భాగాన్ని మళ్లీ వేడిచేసి గుంటను సర్దేస్తారు. చూపుకు బాగుంటుంది కానీ లోపలి బోలు ఎక్కడికీ పోదు. వాడేటప్పుడు స్టిక్ అక్కడే విరుగుతుంది.

ఇప్పుడు డీ5కే ఎసరు వచ్చింది. పర్యావరణంలో చాలాకాలం నిలిచిపోతుందన్న కారణంతో ఐరోపా సమాఖ్య 2024లో నిబంధన తెచ్చింది. 2027 జూన్ నుంచి, ఒంటికి రాసుకుని కడగకుండా వదిలేసే సౌందర్య సాధనాల్లోనూ డీ5 0.1 శాతానికి చేరకూడదు. బదులుగా ఆవిరయ్యే హైడ్రోకార్బన్ నూనెలున్నాయి. కానీ ద్రవం మారితే మైనం స్ఫటికాలు కట్టే తీరూ, గట్టిపడే ఉష్ణోగ్రతా మారతాయి. ఆవిరి కాని నూనె కలిపితే చర్మంపై తెల్ల మరకలు తగ్గుతాయి, నిజమే. మోతాదు పెరిగితే స్టిక్ మెత్తబడి నూనె కారుతుంది.

ఈ ద్రవం మార్పును ఫార్ములా విభాగానికి అప్పగించి ఊరుకునే సంస్థలు ఇబ్బంది పడతాయనిపిస్తుంది. ప్రయోగశాలలో చేతితో పోసిన పది నమూనాలు చల్లారే తీరు వేరు. వేడి ట్యాంకులో గంటల తరబడి కలియబెట్టిన మిశ్రమం, కదిలే వరుసలో శీతల సొరంగం గుండా పోతూ చల్లారే తీరు వేరు. కొత్త నూనెను పరీక్షించాల్సింది ఆ రెండోదానిలోనే.