సింబాలిక్ గృహప్రవేశం

బ్యాంకులు బాకీదారుల ఇళ్లను రెండు రకాలుగా స్వాధీనం చేసుకుంటాయి. ఒకటి ఫిజికల్, రెండోది సింబాలిక్. ఫిజికల్ అయితే తాళం బ్యాంకు చేతికొస్తుంది. సింబాలిక్ అయితే తలుపుకి అంటించిన కాగితం ఒక్కటే బ్యాంకుది. తలుపు, తాళం, లోపలి ఫ్రిజ్, ఫ్రిజ్‌లో తోడుకుంటున్న పెరుగు, అన్నీ పాత ఓనరువే. బాకీ కట్టనివాళ్ల తనఖా ఆస్తిని బ్యాంకులే పట్టుకుని అమ్ముకోవడానికి పెట్టిన 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి, తర్వాత తలుపుకి కాగితం అంటించాలి, ఆపైన రెండు పేపర్లలో ప్రకటన వేయాలి. ఆ రెంటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. ఆ ప్రకటన మన భాషే అని నమ్మాలంటే చాలా దేశభక్తి కావాలి.

మా బావమరిది నిజాంపేట వైపు ఇలాంటి ఫ్లాట్ ఒకటి వేలంలో పాడాడు. మార్కెట్ రేటు కన్నా బాగా తక్కువ. ఎందుకు తక్కువో తనిఖీ రోజే తెలియాల్సింది. ఎందుకంటే ఆ తనిఖీ ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర జరిగింది. బ్యాంకు ఆఫీసరు గ్లాసు పట్టుకున్న చేత్తోనే చూపించాడు.

"మూడో అంతస్తు సార్. బాల్కనీలో ఆకుపచ్చ లుంగీ ఆరేసుంది చూడండి, అదే మీది."

"లుంగీనా?"

"ఫ్లాట్ సార్. లుంగీ మూవబుల్, మన పరిధిలోకి రాదు."

"లోపలికెళ్లి చూడొచ్చా?"

"లోపల పార్టీ ఉన్నారు సార్. ఈ టైములో డిస్టర్బ్ చేస్తే బాగోదు."

ఎంత మర్యాదస్తుడో! ఇల్లు అమ్మేస్తాడు గానీ భోజనాల వేళ తలుపు కొట్టడు.

డబ్బు దగ్గర మాత్రం ఈ మర్యాదేమీ ఉండదు. వేలం దక్కగానే ముందు కట్టిన ధరావతుతో కలిపి 25 శాతం, ఆ రోజే, కాకుంటే బ్యాంకు పనిచేసే తర్వాతి రోజుకల్లా కట్టెయ్యాలి. మిగతా 75 శాతం అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. బ్యాంకు దయతలచి రాసిస్తే గడువు మూడు నెలల దాకా సాగుతుంది. తప్పితే కట్టిన 25 శాతం గోవిందా. పోయిన సొమ్ము పోయినట్టేనని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది. మా వాడు పీఎఫ్ తీశాడు, చెల్లెలి గాజులు బ్యాంకులో పెట్టాడు, గడువు లోపలే కట్టాడు. సేల్ సర్టిఫికెట్ వచ్చింది. తాళం అడిగితే "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నారు.

ఆ ప్రాసెస్ సంగతి చెప్తాను. ఇల్లు ఖాళీ చేయించాలంటే బ్యాంకు కలెక్టరునో, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటునో ఆశ్రయించాలి. వాళ్లు 30 రోజుల్లో, కారణాలు రాస్తే 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలని చట్టం. ఆ గడువు తప్పనిసరేమీ కాదని 2020లో అదే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే జీతగాడి 15 రోజులు శిలాశాసనం, సర్కారు వారి 60 రోజులు శుభాకాంక్ష. ఈలోగా పాత ఓనరు రుణ వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, అది ఆయన హక్కు. ట్రిబ్యునల్ హైదరాబాద్‌లో ఉంది, విశాఖలో ఉంది, రెండు చోట్లా వాయిదాలున్నాయి.

ఒకరోజు మావాడు సర్టిఫికెట్ ఫైలు చంకన పెట్టుకుని తన అపార్టుమెంటుకి వెళ్లాడు. వాచ్‌మన్ రిజిస్టరు ముందుకు తోశాడు.

"ఎవరింటికి సార్?"

"మా ఇంటికే. మూడో అంతస్తు."

"ఉండండి, ఫోన్ చేసి కనుక్కుంటా." కనుక్కున్నాడు. "వాళ్లు వద్దంటున్నారు సార్."

అప్పుడే నేను సలహా ఇచ్చాను. స్వాధీనం సింబాలిక్ అయినప్పుడు గృహప్రవేశం మాత్రం ఫిజికల్‌గా ఎందుకు? ముహూర్తం పెట్టించు, రోడ్డు మీదే స్టవ్ వెలిగించు. పంతులుగారు కుడికాలు ముందు పెట్టమంటే గేటు వైపు చాచు. గుమ్మం ఏదయ్యా అంటే పైకి చూపించి లుంగీ గుర్తు చెప్పు. ఆవుని మూడో అంతస్తు ఎక్కించే బాధ తప్పింది, అది లాభం. పాలు పొంగేసరికి పై నుంచి పాత ఓనరు తల్లి, ఆ పెద్దావిడ, "బాబూ, కాస్త పక్కకి జరగండి, మా స్కూటీ మీద పడుతున్నాయి" అంటుంది. జరుగు. పెద్దవాళ్ల మాట వినాలి. మిగతా 75 శాతం కూడా ఇలాగే కట్టి ఉండాల్సింది, అంకె ఒక తెల్లకాగితం మీద రాసి బ్యాంకు షట్టరుకి అంటించి.

"బావా, నీకు నవ్వులాటగా ఉంది" అన్నాడు వాడు.

ఇంకా కరెంటు బిల్లు సంగతి చెప్పనే లేదు. పాత ఓనరు ఎగ్గొట్టిన బకాయి కడితేనే కొత్తాయనకి కనెక్షన్ ఇస్తామని డిస్కం, అంటే కరెంటు సరఫరా చేసే కంపెనీ, నిబంధన పెట్టుకోవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక అసోసియేషన్ వాళ్లు మెయింటెనెన్స్ లెక్క విడిగా రాసుకుని కూర్చున్నారు.

ఆ పెద్దావిడ మీద నాకు కోపం లేదు. కొడుకు వ్యాపారం మునిగింది, అద్దెకి పోదామంటే అడ్వాన్సుకి డబ్బు లేదు, ఎక్కడికి పోతుంది? మావాడు ఒక పక్క అద్దె, ఇంకో పక్క గాజుల మీద వడ్డీ కడుతున్నాడు. ఈ రెండు కుటుంబాలూ ఇప్పుడు మెట్ల మీద ఎదురుపడి దొంగలని తిట్టుకుంటున్నాయి. బ్యాంకుకి మాత్రం మొండిబాకీ వసూలైంది, ఆఫీసరు బదిలీ అయ్యాడు, ఫోనెత్తే కొత్తాయనకి ఫైలు తెలియదు. మేజిస్ట్రేటు ద్వారా పోలీసుల్ని పిలిపించే దారి, ఆయన నియమించే లాయరు, అంటే అడ్వొకేట్ కమిషనర్‌తో తాళం తీయించే దారి చట్టం బ్యాంకుకి ఇచ్చింది, మావాడికి కాదు. ఆ పని ముందు చేసి, తర్వాత అమ్మడానికి ఏం అడ్డం? తన చేతిలో లేనిదాన్ని అమ్మి, పూర్తి సొమ్ము ముందే లాక్కుని, ఖాళీ చేయించుకునే తంటా కొన్నవాడి నెత్తిన రుద్దడం సిగ్గులేని పని. ఇదే పని ఊళ్లో రియల్ ఎస్టేట్ బ్రోకరు చేస్తే చీటింగ్ కేసు పెడతారు.

అంత హడావుడిగా అమ్మాల్సి వస్తే అమ్ముకోండి. కానీ ప్రకటన అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో దాచిన ఆ "సింబాలిక్" ముక్కని పైకి తెచ్చి, ధర పక్కనే, ధర వేసినంత సైజులో వేయండి. "లోపల మనుషులున్నారు, తాళం మా దగ్గర లేదు" అని మామూలు తెలుగులో రాయండి. అప్పుడు ఎంతమంది పాడతారో చూద్దాం.