మంచిరోజు గారికి ఒక విన్నపం

అయ్యా మంచిరోజు గారూ,

తిరుపతి నుంచి రాస్తున్నా. మీరు ఎప్పుడొస్తారో కాస్త చెబితే పుణ్యముంటుంది, ఎందుకంటే మా బావ చీగాంగ్ అనే నిదానమైన చైనా వ్యాయామం మొదలుపెట్టడానికి మీ కోసమే కాచుకుని కూర్చున్నాడు.

డాక్టర్ బీపీ మాత్రలు రాసిచ్చి, రోజూ కాస్త ఒళ్ళు కదిలించండి, టెన్షన్ తగ్గించుకోండి అన్నాడు. ఈయన ఫోన్‌లో వెతికి వెతికి అందులో బాదువాన్‌జిన్ అనే పద్ధతి పట్టుకొచ్చాడు. ఉన్నవి ఎనిమిది కదలికలు, ఎంత నిదానంగా చేసినా పావుగంట. నిలబడటానికి రెండడుగుల చోటు, చేతులు చాపుకోవడానికి ఇంకాస్త, అంతే. చైనా క్రీడాశాఖ వాళ్ళు దీన్నీ, పులి, జింక, ఎలుగు, కోతి, పక్షిలా కదిలే ఇంకోదాన్నీ 2003లో అందరికీ ఒకే పద్ధతిగా ఖరారు చేశారు గానీ, పాపం, ముహూర్తం పెట్టడం మర్చిపోయారు.

ఆ లోటు మా బావ తీరుస్తున్నాడు. సోమవారం అనుకుంటే అమావాస్య అడ్డొచ్చింది. తర్వాత గంగమ్మ జాతర, ఇంటినిండా చుట్టాలు. ఆషాఢంలో కొత్తపని వద్దట. బ్రహ్మోత్సవాలకి మళ్ళీ చుట్టాలు, వాళ్ళని అలిపిరి దాకా దించి రావడమే వ్యాయామం అన్నాడు (బండి మీద). కార్తీకంలో వాన. ధనుర్మాసంలో చలి. ఆ నెల కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారే గానీ స్వామిని లేపడం మానరు కదా బావా అంటే, దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నాడు. ఈలోగా తెల్ల పట్టు డ్రెస్సు మాత్రం కొరియర్‌లో వచ్చేసింది, బీరువాలో కలరా ఉండల మధ్య భద్రంగా ఉంది.

మీకు అసలు చెప్పాల్సింది మా అక్క సంగతి. ఆమె మిమ్మల్ని అడగలేదు, లెక్కచేయలేదు. పొద్దున్నే మోటార్ వేసి, ట్యాంకు నిండేదాకా మేడమీద ఊరికే నిలబడేది. ఇప్పుడు నైటీ మీద తువ్వాలు వేసుకుని, రెండు చేతులూ ఆకాశాన్ని మోస్తున్నట్టు పైకెత్తి మొదలుపెడుతుంది. డేగకి బాణం గురిపెట్టే కదలికలో కాకులు లేచిపోతాయి. చివర మడమలెత్తి ఏడుసార్లు కిందికి వదలాలి, మెల్లగానే, కానీ మా అక్క కాస్త గట్టిమనిషి. కింది వాటా పెద్దాయన అలారం పెట్టుకోవడం మానేశాడు. ట్యాంకులోంచి నీళ్ళు పొర్లేసరికి ఆమె పనీ అయిపోతుంది. ఒంట్లో బాగోకపోతే చేతులొక్కటే ఎత్తి దించేసి వస్తుంది, మోటార్ వేయని రోజు మాత్రం ఉండదు కాబట్టి ఇదీ ఆగదు. ఇది శాస్త్రసమ్మతం కాదని బావ అభిప్రాయం.

కాబట్టి మీరు ఉగాదికైనా దయచేయండి. ఒక్కటే మనవి, తెల్లారుజామున మాత్రం రావద్దు. ఆ టైంలో అక్క మేడమీద ఉంటుంది, బావ నిద్రలో ఉంటాడు, తలుపు తీసే దిక్కుండదు.

ఇట్లు,
మీ రాకకై ఎదురుచూసే ఇంటివాడు