మా వారికి ఏమన్నా అయితే నా వీసా సంగతేంటి?

ఉగాది నాడు బెంగళూరులో మన తెలుగు సంఘం హాల్లో పంచాంగ శ్రవణం అయింది. రాశివారీగా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విన్నాం. భోజనాలకు లేవబోతుండగా, విదేశాల్లో రిటైర్మెంట్ ఇళ్లు చూపించే ఒక ఏజెంటుకు కమిటీవాళ్లు అరగంట వేదిక ఇచ్చారు. ఆయన థాయ్‌లాండ్, మలేషియా సముద్రతీరాల బొమ్మలు వేసి చూపించారు. మూడో వరుసలోంచి ఒక పెద్దావిడ లేచి, "మా వారికి ఏమన్నా అయితే నా వీసా సంగతేంటి నాయనా?" అని అడిగారు. "పండగ పూట అవేం మాటలమ్మా!" అని ఆయన నవ్వేశారు. హాల్లో సగం మంది నవ్వారు. ఆవిడ కొంగు సర్దుకుని కూర్చున్నారు. పులిహోర వడ్డన మొదలైంది.

ఆ రోజు వచ్చిన ప్రశ్నల్లో పనికొచ్చేది అదొక్కటే. దానికి జవాబు ఉంది. ముందు, వెళ్లాలనుకునేవాళ్ల పక్షాన ఉన్న న్యాయం చెప్పాలి.

బెంగళూరులో ముప్పై నలభై ఏళ్లు ఉద్యోగం చేసి, పిల్లలు అమెరికా వెళ్లిపోయాక, ట్యాంకర్ నీళ్ల మీద బతికే అపార్ట్‌మెంట్‌లో ఇద్దరే మిగిలినవాళ్ల విసుగు నిజమైనదే. వైట్‌ఫీల్డ్ నుంచి జయనగర్‌లో డాక్టరు దగ్గరికి వెళ్లి రావాలంటే ఒక పూట పోతుంది. న్యూజెర్సీలో కొడుకింట మంచుకి తలుపులు వేసుకుని కూర్చోవడం కంటే, ఏడాది పొడుగునా పొద్దున్నే నడవగలిగే ఊరు మోకాళ్లకు నయం. బ్యాంకాక్ విమానంలో నాలుగు గంటల దూరం. మలేషియా తోటల్లో కూలిపనికి వెళ్లిన తరాల వారసులు తెలుగు నిలబెట్టుకున్నారు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. కొబ్బరి, మునగ, చింతపండు పరాయివి కావక్కడ.

వేడి సంగతి మాత్రం బొమ్మల్లో కనిపించదు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న మన ఊరు మన ఒంటిని సుకుమారం చేసింది. ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో రాత్రిళ్లు కూడా 27, 28 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, గాలిలో తేమ ఎక్కువ. బీపీకి మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వాడేవాళ్లకు ఆ చెమటలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. చియాంగ్ మాయ్ చల్లటి ఊరంటారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ కమ్ముకుంటుందని ఆస్తమా ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పరు. ఇక్కడ ఒకసారి డెంగీ వచ్చినవాళ్లకు అక్కడ వేరే రకం సోకితే రెండోసారి జ్వరం ప్రాణం మీదికి రావచ్చు.

ఇక లెక్కలు. థాయ్‌లాండ్‌లో 50 ఏళ్లు దాటినవారికి ఏడాదికోసారి పొడిగించుకునే రిటైర్మెంట్ అనుమతి ఉంది. అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు ఉండాలి, లేదా నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం చూపాలి. మన పెన్షన్లలో అంత వచ్చేవి అరుదు కాబట్టి డిపాజిట్టే దారి. మన డబ్బులో 20 లక్షల పైచిలుకు. ఆ 8 లక్షలు పొడిగింపుకు రెండు నెలల ముందు నుంచి, తరువాత మూడు నెలల దాకా కదలకూడదు. మిగతా ఏడాదంతా 4 లక్షలకు తగ్గకూడదు. అంటే అది ఆసుపత్రి ఖర్చుకు అక్కరకొచ్చే డబ్బు కాదు. 90 రోజులకోసారి చిరునామా తెలియజేయాలి. అన్నిటికంటే ఎక్కువమంది బోల్తాపడేది రీ ఎంట్రీ పర్మిట్ దగ్గర, అంటే దేశం దాటి మళ్లీ రావడానికి ముందే తీసుకోవాల్సిన అనుమతి దగ్గర. ఊళ్లో అన్నగారికి బాగోలేదని ఫోన్ వస్తుంది, దొరికిన విమానం ఎక్కేస్తారు. పాస్‌పోర్టులో ఆ ముద్ర లేకుండా దేశం దాటితే ఏడాది అనుమతి అక్కడితో సరి, మళ్లీ మొదటి నుంచి. ఒకసారికి వెయ్యి బాత్‌లు, ఎన్నిసార్లయినా సరే అంటే 3,800. పొడిగింపు రోజునే రెండోది తీసుకుని పెట్టుకోవాలి.

విదేశీయులను ఏళ్ల తరబడి ఉండనిచ్చే మలేషియా పథకం 2024లో మారింది. ప్రధానమైన మెట్లలో కిందిదైన సిల్వర్‌కే లక్షా 50 వేల డాలర్ల డిపాజిట్, 6 లక్షల రింగిట్‌లకు తగ్గని ఇల్లు. పాస్ గడువు 5 ఏళ్లు, కొన్న ఇంటిని 10 ఏళ్లు అమ్మకూడదు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి చాలు.

డబ్బు పంపేటప్పుడు రిజర్వ్ బ్యాంకు పరిమితి మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్లు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. రిటర్న్‌లో సర్దుబాటవుతుంది గానీ అందాకా ఇరుక్కుంటుంది. థాయ్‌లాండ్ డిపాజిట్‌కయితే మార్చి 31 లోపు కొంత, ఏప్రిల్ 1 తరువాత కొంత పంపితే ఆ బాధ దాదాపు ఉండదు.

వెళ్లాక మీరు ఎన్ఆర్ఐ. సేవింగ్స్ ఖాతాలు ఎన్ఆర్ఓగా, అంటే ప్రవాసుల రూపాయి ఖాతాలుగా మార్చాలి, వాటి వడ్డీ మీద సెస్‌తో కలిపి 31.2 శాతం టీడీఎస్, పన్ను పట్టుకోవద్దని పెద్దవాళ్లు ఇచ్చే 15హెచ్ లాంటి ఫారం చెల్లదు. పీపీఎఫ్ గడువు దాకా ఉంటుంది, పొడిగింపు లేదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయానికి ఇక్కడ ఉన్నవాళ్లకు పన్ను సున్నా. ఆ రిబేటు రెసిడెంట్లకే. అదే 12 లక్షలకు ఎన్ఆర్ఐ కట్టాల్సింది 62,400. ఫ్లాట్ అద్దెకిచ్చి వెళ్తే, అద్దెలోనూ టీడీఎస్ పట్టి కట్టాల్సిన బాధ్యత అద్దెకున్నవారిది. ఆ సంగతి తెలిసిన కిరాయిదారు వందలో ఒకరుంటే గొప్ప. అటు థాయ్‌లాండ్‌లో ఏడాదిలో 180 రోజులుంటే 2024 జనవరి నుంచి బయటి నుంచి తెప్పించుకునే ఆదాయం అక్కడి పన్ను లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్న. థాయ్‌లాండ్‌లో డిపాజిట్ భర్త పేరున పెట్టి, భార్యను డిపెండెంట్‌గా చూపిస్తారు. ఖర్చు తక్కువని చాలామంది చేసేది అదే. ఆయన పోయిన రోజున ఆవిడ అనుమతికి ఆధారం పోయినట్టే. ఆ 8 లక్షల ఖాతా కూడా బ్యాంకు ఆపేస్తుంది, కోర్టు నియమించిన నిర్వాహకుడు వస్తే తప్ప ఇవ్వదు. భాష రాని ఊళ్లో, చేతిలో డబ్బు లేకుండా, దేశం విడిచి వెళ్లాల్సిన గడువుతో ఆవిడ ఒక్కతే నిలబడుతుంది. ఇదీ జవాబు.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఆవిడకూ 50 దాటితే ఆవిడ పేరునే మరో 8 లక్షలు, సొంత అనుమతి. అక్కడి ఆస్తికి అక్కడి భాషలో విడిగా వీలునామా, ఇక్కడి ఆస్తికి ఇద్దరు సాక్షులతో ఇక్కడో వీలునామా. మలేషియా ఏజెంటయితే "పాస్ ఉన్నవారు పోతే భార్య పరిస్థితి ఏమిటి" అన్నదానికి జవాబు కాగితం మీద రాయించుకోవాలి. పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో (పీపీఓ) భార్య పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోలుతున్నాయో లేదో విమానం ఎక్కకముందే చూడాలి. అక్షరం తేడా ఉంటే ఫ్యామిలీ పెన్షన్ నెలల తరబడి ఆగుతుంది. ఫ్లాట్‌కి ఈ-ఖాతా, అంటే నగరపాలక సంస్థ ఆస్తి పత్రం, తీసి ఉంచాలి. పవర్ ఆఫ్ అటార్నీ అక్కడ రాస్తే భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు కట్టాలి. ఓటీపీలు వచ్చే సిమ్‌ను వాడకుండా 90 రోజులు వదిలేయకూడదు.

ఇక్కడి ఆరోగ్య బీమా మాత్రం చచ్చినా వదలకండి. అక్కడి వైద్యానికి మామూలుగా అది పనికిరాదు, అందుకే దండగని మానేస్తారు. మూడేళ్ల తరువాత తిరిగొచ్చి కొత్తగా తీసుకుంటే, ఉన్న జబ్బులకు 36 నెలల దాకా నిరీక్షణ పెట్టవచ్చు. ఆ వయసులో అదే ముఖ్యమైన 36 నెలలు.

జరగరానిది జరిగితే, స్థానిక మరణ ధ్రువపత్రం, దాని ఇంగ్లీషు అనువాదం, పాస్‌పోర్టు రద్దు, రాయబార కార్యాలయం నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్ పత్రం, ఇవన్నీ ఉంటేనే దేహం విమానం ఎక్కుతుంది. అక్కడే దహనం చేస్తే, అస్థికలతో పాటు దహన ధ్రువపత్రం చేతిలో ఉండాలి. ఆ రోజు ఇవన్నీ పోగు చేయాల్సింది ఎవరు? మనం నవ్విన ఆ ప్రశ్న అడిగినావిడే.

అశుభం పలకకూడదన్న మన అలవాటు మీద నాకు గౌరవం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల మనసు నొప్పించకూడదనే దయ అందులో ఉంది. కానీ ఆ దయ చాటున మనింటి ఆడవాళ్లకు పాస్‌బుక్ ఎక్కడుందో కూడా చెప్పకుండా ఏళ్లు గడిపేస్తున్నాం. పరదేశంలో అది దయ కాదు, ద్రోహం.

వెళ్లొద్దని అనను. ఫ్లాట్ అమ్మకుండా, ముందు ఒక ఏడాది అద్దెకుండి చూడండి. ఏప్రిల్ వేడీ, వానాకాలమూ రెండూ ఆ ఏడాదిలో పడాలి. భాష సంగతీ తలచుకోండి. మతిమరుపు జబ్బు ముదిరినవారిలో కొందరికి తరువాత నేర్చుకున్న భాషలు ముందుగా జారిపోతుంటాయి, చివరికి మిగిలేది తెలుగే. బెంగళూరులో హిందూపురం, మదనపల్లె నుంచి వచ్చిన ఆయా దొరుకుతుంది. "మంచినీళ్లు" అంటే ఆమెకు తెలుస్తుంది. అక్కడి నర్సుకు తెలియదు.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. పండగ వేదిక మీద అమ్మకాలు వద్దు. మనలో బ్యాంకు అధికారులుగా, ఆడిటర్లుగా, రిజిస్ట్రేషన్ శాఖలో చేసి రిటైరైనవాళ్లు ఎంతమంది లేరు! నెలకో ఆదివారం రెండు గంటలు హాలు తెరిచి, పీపీఓ, నామినీ, వీలునామా, వీసా కాగితాలు చూసిపెట్టే ఏర్పాటు చేయండి. భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలని నియమం పెట్టండి. మొదటి ఆదివారానికి ఆ పెద్దావిడ ఇంటికి మనమే వెళ్లి పిలుద్దాం, ఆవిడ ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసి తీసుకెళ్దాం.