మార్జిన్‌లో మా ఆయన

నేను ఏడుస్తుంటే మా ఇంట్లో ఎవరూ కంగారు పడరు. "ఎన్నో పేజీ?" అని అడుగుతారు. మా అబ్బాయి అయితే ఇంకొంచెం వివరంగా, "విడిపోయారా, కలిశారా?" అంటాడు. నాకు రెండింటికీ ఏడుపొస్తుందని వాడికి తెలుసు.

ఈ జబ్బు మా అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. వారపత్రికల్లో సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, దొంతర పెట్టి, సీరియల్ అయిపోయాక బాపట్లలో బైండింగ్‌కి ఇచ్చేది. పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి తిరిగివ్వని సంచిక ఒకటి ఎప్పుడూ ఉండేది. ఆ వారం రావలసిన చోట తెల్లకాగితం పెట్టి, "అతను అపార్థం చేసుకున్నాడు. ఆ పిల్ల రైలెక్కింది" అని తన చేత్తో రాసేది. ఆ నవలల్లో రచయిత్రులు రాసిన వాక్యం ఒక్కటీ ఇప్పుడు నాకు గుర్తు లేదు గానీ మా అమ్మ రాసినవి ఉన్నాయి.

తర్వాత గుంటూరులో కాలేజీ, అద్దె పుస్తకాల షాపు. ఇంగ్లీషు ప్రేమ నవలలు వేసే మిల్స్ అండ్ బూన్ వాళ్ళు 1908లో లండన్‌లో కంపెనీ పెట్టి, మన దేశంలో అచ్చు వెయ్యడానికి 2008లో గానీ రాలేదు. సరిగ్గా వందేళ్ళు. ఈలోపు మా షాపాయన ఒక్కో కాపీని ఊళ్ళో ఉన్న హాస్టళ్ళన్నీ తిప్పి, అట్ట ఊడితే గోధుమరంగు టేపు వేసి, మళ్ళీ తిప్పేవాడు. చివరి పేజీ ఊడిపోయినవాటికి అద్దె సగం. డబ్బుల్లేని నెలలో అవే తెచ్చుకునేవాళ్ళం. చివర్లో ఏమవుతుందో ఎలాగూ తెలుసు కదా.

నిజానికి ఈ నవలల షరతే అది. చివరికి ఇద్దరూ సంతోషంగా కలవాలి, కలవకపోతే దాన్ని రొమాన్స్ అనరు, ఇంకేదో అంటారు. ఇప్పుడొస్తున్నవాటిలో ఒక చాప్టర్ ఆమె చెప్తుంది, ఇంకో చాప్టర్ అతను చెప్తాడు. ఆమెకి అతనంటే ప్రాణమని మనకు తెలుసు, అతనికి ఆమె అంటే ప్రాణమనీ తెలుసు. తెలియనిది ఆ ఇద్దరికే. ముప్పావు పుస్తకం దాటగానే ఖాయంగా ఒక గొడవ. అయిదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోతుంది, మాట్లాడుకోరు. నేను ముక్కు చీదుకుంటూ కూర్చుంటాను. "చివరికి కలుస్తారని తెలిసీ ఏడవడమేంటి?" అంటారు మా ఆయన. పెళ్ళి భోజనంలో పూర్ణం బూరె అందరికీ వస్తుందని తెలిసినా, వడ్డించేవాడు మన విస్తరి దాటుకుని పక్క పంక్తిలోకి వెళ్ళిపోతే ప్రాణం ఉసూరుమనదూ? అలాగన్నమాట.

2023 అక్టోబరులో బెంగళూరు మెట్రో పర్పుల్ లైన్ మా వైట్‌ఫీల్డ్ కాడుగోడి దాకా పూర్తిగా వచ్చేశాక నాకు రెక్కలొచ్చాయి. ఎం.జి. రోడ్డులో దిగితే చర్చ్ స్ట్రీట్ పక్కనే. అక్కడ సెకండ్ హ్యాండ్ షాపుల్లో నేల మీద చతికిలబడి వెతుక్కోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. రేటు మొదటి పేజీలో పెన్సిల్‌తో వేసి ఉంటుంది. మెట్రోలో కూర్చోగానే నేను చేసే మొదటి పని, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రబ్బరు తీసి దాన్ని చెరిపెయ్యడం. ఇంట్లో అడిగితే "అరవై" అంటాను. ఏ పుస్తకమైనా అరవయ్యే. ఆ తర్వాత అదే బ్యాగ్‌లోంచి పెన్సిల్ తీస్తాను. గొడవంతా ఆ పెన్సిల్‌తోనే వచ్చింది.

మా అమ్మలాగే నాకూ ఖాళీ చోటు కనబడితే రాయకుండా ఉండబుద్ధి కాదు. పైగా ఇంగ్లీషు నవల మార్జిన్‌లో తెలుగులో రాస్తే ఎవరికి అర్థమవుతుందని ధీమా. జాగ్రత్తకి కోడ్ కూడా పెట్టుకున్నాను. మా.ఆ. అంటే మా ఆయన. మా.అ. అంటే మా అత్తగారు.

ఈ కథకి కారణమైన నవలలో హీరో వడ్రంగి. భార్య పోయింది, ఆరేళ్ళ కూతురు. హీరోయిన్ పట్నంలో ఉద్యోగం పోగొట్టుకుని అమ్మమ్మ కట్టిన పాత ఇంటికి వస్తుంది. ఆ ఇంటి మెట్లు విరిగి ఉంటాయి. మెట్లు విరిగాక వడ్రంగి రావాలి కదా. 380 పేజీలు.

41వ పేజీలో అతను ఆమెని అడక్కుండానే కాఫీలో సరిగ్గా చెంచాన్నర పంచదార వేస్తాడు. నా నోటు: "పెళ్ళయి పదిహేడేళ్ళు. నిన్న కూడా 'నువ్వు పంచదార వేసుకుంటావా?' అన్నారు మా.ఆ."

112లో ఆమె చలికి వణికితే తన చొక్కా విప్పి కప్పుతాడు. "మా.ఆ. అయితే 'ఫ్యాను ఆపుకో' అంటారు."

167లో ఆమె వండింది నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆస్వాదిస్తాడు. "మా.అ. కూడా మూసుకుంటారు. తర్వాత 'ఉప్పు చూసుకున్నావా?' అంటారు."

ఇక 214. వానలో తడిసి వచ్చి, తల తుడుచుకుని, టవల్ తీగ మీద ఆరేసి, ఆమె వైపు తిరిగి, ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట చెప్తాడు. ఆ మాటేమిటో నేను చాలాసేపు చూడనే లేదు. 'ఆరేసి' కింద మూడు గీతలు గీసి, పక్కన, "టవల్!! తనే ఆరేశాడు!! మంచం మీద పడెయ్యలేదు!!" అని రాసి, ఒక పక్క గుండె బొమ్మ వేసి, అప్పుడు మిగతాది చదివాను.

ఉగాదికి ముందు మా ఆయన ఇల్లు సర్దారు. ఏడాదికోసారి వచ్చే ఉత్సాహం. మంచం కింద అట్టపెట్టెలో పదకొండు పుస్తకాలు కనబడితే, "చదివేసినవే కదా" అని మోసుకెళ్ళి క్లబ్‌హౌస్ లైబ్రరీ షెల్ఫులో పెట్టి వచ్చారు. అసోసియేషన్ కమిటీలో మెంబరు కదా, దానధర్మాలు మా ఇంటి నుంచే మొదలవ్వాలి. నాకు చెప్పలేదు. నేనూ మంచం కింద చూసుకోలేదు.

సూచనలు మాత్రం అందుతూనే ఉన్నాయి, నా బుర్రకే ఎక్కలేదు. లిఫ్టులో బి బ్లాక్ నెల్లూరు వదిన మా ఆయన్ని, "ఏం అన్నయ్యా, టవల్ ఆరిందా?" అని అడిగింది. "ఆరిపోయిందమ్మా, ఎండ బాగానే ఉందిగా" అన్నారీయన. పసుపు కుంకుమకి వెళ్ళిన ఇంట్లో కాఫీ ఇస్తూ ఆ అమ్మాయి, "మీకు చెంచాన్నర వేశానక్కా" అని ముసిముసిగా నవ్వింది. బెంగళూరులో ఇంత మర్యాద తెలిసిన పిల్ల ఉందా అని ముచ్చటపడి వచ్చాను కూడా.

తొమ్మిదో రోజు పెట్టె కోసం వెతికి, విషయం తెలిసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా క్లబ్‌హౌస్‌కి పరిగెత్తాను. షెల్ఫులో పది ఉన్నాయి. ఆ ఒక్కటీ లేదు. రిజిస్టర్ తిప్పితే తొమ్మిది రోజుల్లో నలుగురు తీసుకెళ్ళారు. అదే షెల్ఫులో విజయానికి మెట్లు చెప్పే పుస్తకాలు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉన్నాయి. నలుగురి ఫ్లాట్ నంబర్లూ చూశాను. నలుగురూ తెలుగువాళ్ళే. అప్పుడు పట్టింది చెమట.

రాసింది నేనని ఎలా తెలిసిందంటారా? రేటు చెరపడం మర్చిపోని మనిషిని, చివరి అట్ట లోపల పేరూ ఫ్లాట్ నంబరూ రాసుకోవడం కూడా మర్చిపోను.

నెల్లూరు వదిన తలుపు తీస్తూనే, "మా ఇంట్లో లేదు వదినా, టీచర్‌గారి దగ్గరుంది" అంది. నేనింకా ఏమీ అడగలేదు.

టీచర్‌గారంటే సి బ్లాక్‌లో ఉంటారు. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయి, కొడుకు దగ్గరికి వచ్చారు. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కళ్ళజోడు సవరించుకున్నారు.

"నీ అ, ఆ ఒక్కలాగే ఉంటాయమ్మా. 167లో ఉన్నది మీ ఆయనా, మీ అత్తగారా అని రెండు రోజులు తర్జనభర్జన. ఆ నెల్లూరమ్మాయి ఆయనేనంది. నేను ఒప్పుకోలేదు."

"ఏం టీచర్‌గారూ?"

"మొగుడైతే ఉప్పు గురించి కళ్ళు తెరిచే అంటాడు. కళ్ళు మూసుకుని ఆలోచించి అడిగేది అత్తగారే. అందుకని ఎవరికీ అనుమానం రాకుండా ఎర్ర సిరాతో సరిచేశాను. 'మా అత్తగారు' అని పూర్తిగా రాశాను."

నా గొంతులో నీళ్ళు అక్కడే ఆగిపోయాయి. "పుస్తకం ఇస్తారా, తీసుకెళ్తాను" అన్నాను.

"మీ ఇంట్లోనే ఉందిగా! పొద్దున పార్కులో మీ అత్తగారికిచ్చాను. ఇంగ్లీషు రాదు కదమ్మా అన్నాను. 'తెలుగు కూడా ఉందిగా, అది చదువుకుంటా' అన్నారు."

మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి అప్పటికి మూడు వారాలు. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేక అయిదంతస్తులు ఎక్కేశాను. ఆవిడ బాల్కనీలో వాలుకుర్చీలో ఉన్నారు. ముక్కు చివర కళ్ళజోడు, ఒళ్ళో పుస్తకం. అచ్చు మీద చూపు పడకుండా, అంచు వెంబడే వేలు కిందికి జారుతోంది. ఖాళీ మార్జిన్లు రాగానే నాలుగేసి పేజీలు ఒకేసారి తిప్పేస్తున్నారు.

"పుస్తకం బాగుందే అమ్మాయ్," అన్నారు తలెత్తకుండా. "కాకపోతే మధ్యలో ఇంగ్లీషు మరీ ఎక్కువ వేశారు."

ఎన్నో పేజీలో ఉన్నారో వంగి చూద్దామంటే చెయ్యి అడ్డం ఉంది. "కథ ఎలా ఉందత్తయ్యా?" అన్నాను.

"ఏముంది, ఒక మొగుడూ పెళ్ళాం. వాడు మన వాడిలాగే ఉన్నాడు."

రాత్రి భోజనాలు. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా అబ్బాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. నవలల్లో ఇలాంటి చోట చాప్టర్ ఆపేసి మనల్ని చంపుతారు. ఆవిడ కళ్ళు తెరిచి, "మజ్జిగ పొయ్యి" అన్నారు. అంతే.

అందరూ పడుకున్నాక ఆవిడ తలగడ పక్క నుంచి పుస్తకం మెల్లిగా లాగి, మా గదిలోకి తెచ్చి, ఫోన్ లైటు వేసుకుని చూశాను. అది నా పుస్తకంలా లేదు. సంతలా ఉంది. 41లో నా నోటు కింద నీలం సిరా: "మా ఇంట్లో ఆ కాఫీ కూడా నేనే కలుపుకోవాలి." 112లో ఇంకెవరో: "మావారు లేచి ఫ్యాను ఇంకో నంబరు పెంచుతారు." వాటన్నిటి పక్కనా ఎర్ర టిక్కులు, రెండు చోట్ల "వత్తు సరిచూసుకో".

167కి వెళ్ళాను. 'మా.అ.' కొట్టేసి ఎర్రటి అక్షరాల్లో 'మా అత్తగారు', కింద గీత. దాని కింద వణుకుతున్న పెన్సిల్‌తో, నా పెన్సిలే, ఒక్క లైను: "ఆ రోజు ఉప్పు ఎక్కువే."

ఇక దాచుకునేదేముంది. 214 కూడా చూద్దామని తిప్పాను. నా టవల్, నా గుండె బొమ్మ, వాటి కింద గుండ్రటి చేతిరాత, ఎవరిదో తెలియదు: "2024 మార్చిలో బోర్లు ఎండిపోయినప్పుడు, రాత్రి రెండింటికి గేటు దగ్గర కుర్చీ వేసుకుని ట్యాంకర్ కోసం కాపలా కూర్చుంది ఈ టవల్ అన్నయ్యే. నాకు తొమ్మిదో నెల. లిఫ్టు కూడా పనిచెయ్యట్లేదు. మా ఇంటికి రెండు బిందెలు పైకి తెచ్చిచ్చి, తలుపు కూడా కొట్టకుండా వెళ్ళిపోయారు." పక్కన ఎర్ర సిరా: "వాక్యాలు చక్కగా ఉన్నాయి. 8/10."

ఆ నెల నాకు బాగా గుర్తుంది. కార్లు కడిగితే అయిదు వేలు జరిమానా వేస్తామన్న రోజులు. అర్ధరాత్రి దాకా కింద ఏం చేస్తున్నారని నేను ఈయన మీద విసుక్కునేదాన్ని. బిందెల సంగతి ఈయన ఎప్పుడూ చెప్పలేదు. పేజీ అడుగున, చోటు చాలక అడ్డంగా, మళ్ళీ అదే వణుకు పెన్సిల్: "వీళ్ళ నాన్నదీ ఇదే వరస. మంచం మీద తడి పంచె. 1976 నుంచీ చెప్తున్నాను."

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ముక్కు చప్పుడు ఆపుకున్నా ఆగలేదు. పక్కన మా ఆయన కదిలారు.

"ఎన్నో పేజీ?" నిద్రలోనే.

"214."

"విడిపోయారా?"

"లేదు. ట్యాంకరొచ్చింది."

"ఎప్పుడు? సంప్ మూత తీశారా?" అంటూ దుప్పటి తన్నేసి, దిగ్గున లేచి, చీకట్లో చెప్పుల కోసం తడుముకుంటున్నారు.

దుప్పటి కింద టవల్ ఉంది. తడిగా.