ఆ లింకుల లెక్క చూసి కంగారు పడకండి

పోయిన నెల ఒక రాత్రి మా మిద్దెతోటల వెబ్‌సైట్‌కు సంబంధించి సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలోని లింకుల నివేదికను, అంటే ఇతర సైట్ల నుంచి మాకున్న లింకుల జాబితాను, డౌన్‌లోడ్ చేసుకుని, అందులోని మొదటి 40 పేజీలను ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. కొన్ని పేజీలు అసలు తెరుచుకోలేదు. మరికొన్నింటిలో మా లింకు జాడే లేదు. మా వంకాయ నారు ఫొటోను ఎత్తుకెళ్లి పెట్టుకున్న ఒక వాల్‌పేపర్ల సైటు మాత్రం వందల లింకులతో జాబితాలో పైన కూర్చుంది. ఒక వ్యవసాయ పత్రిక మా కంపోస్టు వ్యాసానికి ఇచ్చిన లింకు, దాని ద్వారా రోజూ నలుగురైదుగురు వస్తున్నా, నివేదికలో ఎక్కడా కనిపించలేదు.

దీన్ని గూగుల్ మోసం అనలేను, ఎందుకంటే ఇది పూర్తి జాబితా కాదనీ, నమూనా మాత్రమేననీ ఆ సంస్థే తన సహాయ పేజీలో రాసుకుంది. పట్టికలో 1,000 వరుసలకు మించి చూపదు, డౌన్‌లోడ్‌లో లక్షకు మించి ఇవ్వదు. నోఫాలో లింకులూ (ర్యాంకింగ్‌కు లెక్కించవద్దని లింకు ఇచ్చిన సైటే గుర్తు పెట్టినవి), మనం డిసవౌ చేసిన లింకులూ (లెక్కలోకి తీసుకోవద్దని మనమే గూగుల్‌కు చెప్పినవి) అందులో అలాగే ఉంటాయి కనుక, జాబితాలో ఉన్నంత మాత్రాన ఆ లింకుకు ర్యాంకింగ్‌లో విలువ ఉన్నట్టు కాదు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక మెతుకు చాలు గానీ, ఆ మెతుకును చూసి కుండలో ఎన్ని మెతుకులున్నాయో ఎవరు చెప్పగలరు? పైగా ఇక్కడ మెతుకును ఏరి ఇచ్చేది వండినవాడే.

లింకులను సొంతంగా లెక్కపెట్టి చూపే ఏహ్రెఫ్స్, సెమ్‌రష్, మాజ్ వంటి బయటి సంస్థలది వేరే కథ. వెబ్‌పేజీలను తిరిగి చదివే ప్రోగ్రామ్, అంటే క్రాలర్, ఎవరిది వారిదే; అది తిరిగినంత మేరే వారి లెక్క. ఆ క్రాలర్లను రోబోట్స్ ఫైలుతో ఆపేసే సైట్లూ ఉన్నాయి కాబట్టి ముగ్గురి అంకెలూ కలవకపోవడమే సహజం. ఒక సైటు సెర్చ్‌లో ఎంత పైకి రాగలదో వందకు ఇంత అని అంచనా వేసే డొమైన్ అథారిటీ మాజ్ కట్టిన కొలత, గూగుల్ దాన్ని వాడదు. అయినా ఒక మార్కెటింగ్ కుర్రాడు నాకు ఫోన్ చేసి, "సార్, మీ అథారిటీ తొమ్మిదే, టాక్సిక్, అంటే సైటుకు చేటు చేసే లింకులేమో రెండొందలు దాటాయి" అని, రక్తపరీక్ష రిపోర్టు చదివే డాక్టరంత గంభీరంగా చెప్పి, వాటిని తీయించడానికి నెలనెలా కట్టవలసిన ఫీజు కూడా వినిపించాడు. స్పామ్ లింకులకు సైటు మొత్తాన్ని కిందికి నెట్టే బదులు ఆ లింకుల విలువనే తీసేసే పద్ధతికి గూగుల్ వారి పెంగ్విన్ అల్గారిథం 2016లోనే మారిందనీ, 2012లో వచ్చిన డిసవౌ సాధనం చాలా సైట్లకు అవసరమే లేదని గూగులే చెబుతోందనీ నేను అన్నాక అవతల నుంచి మాట రాలేదు.

నివేదికను నేను ఇప్పటికీ తెరుస్తాను, కాకపోతే మొత్తం అంకె వైపు చూడను. ఎక్కువ లింకులున్న పేజీల పట్టికలో, మూడేళ్ల కిందట నేనే తీసేసిన కరివేపాకు పేజీ కనిపించింది. పాత లింకు నొక్కినవారు సరైన చోటికి చేరేలా దాన్ని కొత్త చిరునామాకు రీడైరెక్ట్ చేశాను. ఆ రాత్రి నాకు దక్కిన ప్రయోజనం అదొక్కటే.