గ్యాసుకొక్కదానికే ఎందుకీ మడి?

బర్రె పెండలోంచి వచ్చే గ్యాసుకు మడి కట్టాలట. ఐఎస్ 16087 అని ఒక భారతీయ ప్రమాణం రాసి, శుద్ధి చేసిన బయోగ్యాసులో మీథేన్ కనీసం 90 శాతం ఉండాలని పెద్దలు తీర్మానించారు. ఇది పక్షపాతమని నా అభియోగం. మా నల్లగొండ జిల్లాలో మనుషులు తాగే నీళ్లే తరాల తరబడి ఫ్లోరైడ్‌తో సహా వచ్చాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఆ ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అని పేరు కూడా పెట్టారు. పేరు ఆఫ్రికా దాకా పోయింది. కృష్ణా నీళ్లు మర్రిగూడ నల్లాల దాకా వచ్చేసరికి మాత్రం ఎందరివో నడుములు వంగిపోయాయి. మనుషులే ఓర్చుకున్నప్పుడు, ఒక ఇంజన్ ఓర్చుకోదా?

ఓర్చుకోలేదు. మా బామ్మర్ది సాక్షి.

దేవరకొండ దిక్కు 14 బర్రెలతో డెయిరీ పెట్టాడు. గోబర్ గ్యాసుతో వంట నడిచినన్నాళ్లు ఏ పేచీ లేదు. గ్యాసులో ఏమేం కలిశాయని చాయ్ గిన్నె ఏనాడూ అడగలేదు. కరెంటు బిల్లు చూసి ఒకరోజు పౌరుషం వచ్చింది. జనరేటర్ కొనుక్కొచ్చి పైపు తగిలించాడు. అమ్మినాయన, "ఫిల్టర్ ఎందుకన్నా, దండుగ" అన్నాడు. నాలుగో నెలలో ఇంజన్ మొరాయించింది. మెకానిక్ ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, ఏమీ మాట్లాడకుండా ఒక బుష్ విప్పి బామ్మర్ది చేతిలో పెట్టాడు. నల్లగా, గుంటలు గుంటలుగా, పురుగు తిన్న చింతగింజలా ఉంది.

ఈ గ్యాసులో నిజంగా పని చేసేది మీథేన్ ఒక్కటే. నూటికి 55, 60 పాళ్లుంటుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడు. అది వెలగదు. సభలో ముందు వరుస కుర్చీలు పట్టుకుని కూర్చునే బాపతు. జాగా తింటుంది గానీ ఎవరినీ కరవదు. కరిచేది హైడ్రోజన్ సల్ఫైడు. మామూలుగా ఒక శాతం కూడా ఉండదు. మురిగిన కోడిగుడ్డు కంపు దాని చిరునామా. ఇంజన్‌లో కాలి, తేమతో కలిసి, ఆమ్లమై లోహాన్ని తింటుంది. ఒక శాతం కూడా లేనివాడు మొత్తం ఇంటిని తినడం మనకు కొత్తేం కాదు కదా అని నేనంటే, బామ్మర్దికి నవ్వు రాలేదు.

కార్బన్ డయాక్సైడు తీయడానికి పెద్ద ప్లాంట్లలో గ్యాసును ఒత్తిడి మీద నీళ్లలోంచి పంపుతారు. అది నీళ్లలో కరుగుతుంది, మీథేన్ పెద్దగా కరగదు. గోలీసోడా కొట్టేవాడికి తెలిసిన విద్యే ఇది. 2018లో బయోగ్యాసు ప్లాంట్లు పెట్టించే 'సతత్' పథకం ప్రకటించి, 2023 కల్లా 5,000 ప్లాంట్లు అన్నారు. ఆ ఏడాది వచ్చింది, పోయింది. మనం ఆ లెక్క దరిదాపులకు కూడా పోలేదు. మలినాలు నిశ్చింతగా ఉండొచ్చు.

మా వాడికి అంత స్తోమత లేదు. లేత్ షాపు నుంచి సంచెడు ఇనుప రజను తెచ్చి, తడిపి తుప్పు పట్టించి, పైపులో కూరి, గ్యాసును అందులోంచి పోనిచ్చాం. తుప్పుకు ఉద్యోగం దొరికింది ఈ ఒక్క శాఖలోనే అనుకుంటా. అది కంపును పట్టుకుని తాను నల్లబడుతుంది. నల్లబడ్డదాన్ని బయట గాలికి పరిస్తే మళ్లీ ఎర్రబడి డ్యూటీకి సిద్ధమవుతుంది. పల్చగా పరచాలి, తడిగా ఉంచాలి అని మేం చెప్పడం మరిచాం. మా అత్తమ్మ వాకిట్లో కుప్పగా పోసింది. కాసేపటికి పొగ లేచింది. "ఇనుము కాలుడేందిరా, ఏం పూజలు చేస్తున్రు మీరిద్దరు?" అని చెంబెడు నీళ్లు కుమ్మరించింది.

సబ్సిడీ సంగతి చూడటానికి ఒక సారు వచ్చాడు. ఆ రోజు రజను మార్చడానికని ఫిల్టర్ మూత తీసి ఉంది. రాగానే ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. అత్తమ్మ చాయ్ ఇచ్చింది. అక్కడే కుర్చీ వేసుకుని పావుగంట కూర్చున్నాడు. కర్చీఫ్ జేబులోకి పోయింది. "ఇప్పుడు వస్తలేదే, మంచిగైంది" అన్నాడు. ఈ వాయువుకున్న ప్రత్యేక ప్రతిభ అది. కంపుకు ముక్కు త్వరగా అలవాటు పడుతుంది, మోతాదు బాగా పెరిగితే వాసన పట్టే నరమే మొద్దుబారుతుంది. ప్రాణం మీదికి వచ్చేది సరిగ్గా అప్పుడే. ఈ మాట సారుకు చెబుదామని నోరు తెరిచేలోపే పెన్ను కదిలింది.

'వాసన: లేదు.' కింద సంతకం, దాని మీద స్టాంపు.

సారు బండి మలుపు తిరిగిందో లేదో బామ్మర్ది నా పక్కకు వచ్చాడు. "బావా, వాసన లేదని సారే రాసిచ్చిండు గదా. ఇంక రజను మార్చుడెందుకు?"