ఉన్నది ఉన్నట్టు గీయరాదు

అల్లుళ్ళకు ఏ చట్టమూ రక్షణ కల్పించని పని ఒకటుంది. అత్తగారి బొమ్మ పెన్సిల్‌తో గీయడం. ఆషాఢంలో అత్తాఅల్లుళ్ళు ఒక గడప దాటకూడదని నియమం పెట్టిన పెద్దలు, ఈ విషయంలో మాత్రం ఎందుకో నోరు మెదపలేదు. వాళ్ళ కాలంలో పెన్సిళ్ళు లేకపోవడమే కారణం కావచ్చు.

మొన్న సంక్రాంతికి కాకినాడ వెళ్ళాను. మా అత్తగారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "బొమ్మలు బాగా గీస్తారటగా బాబూ, నాదొకటి గీయండి. హంగులేం వద్దు. ఉన్నది ఉన్నట్టు గీస్తే చాలు" అన్నారు.

తెలుగులో ఇంతకంటే ప్రమాదకరమైన వాక్యం లేదు. "నాకేం వద్దులే, మీరు తినండి" అనేది దీనికి కాస్త దగ్గరగా వస్తుంది.

ఉన్నది ఉన్నట్టు గీసినవాడు చరిత్రలో లేకపోలేదు. జర్మనీ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1514లో తన తల్లి బొమ్మను బొగ్గుతో గీశాడు. ఆవిడకు 63 ఏళ్ళు. 18 మంది పిల్లల్ని కన్న మనిషి. పీక్కుపోయిన బుగ్గలు, నరాలు తేలిన మెడ, నుదుటి ముడతలు, ఒక్కటీ వదల్లేదు మహానుభావుడు. ఆ బొమ్మ ఇప్పటికీ బెర్లిన్‌లో భద్రంగా ఉంది. రెండు నెలలు తిరక్కుండానే ఆ తల్లి కన్నుమూసింది. రెంటికీ సంబంధం ఉందని నేననను. కన్నతల్లి కాబట్టి చెల్లింది, అంతే అంటాను.

ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ దగ్గర ఈ ఆటలు సాగలేదు. ఆవిడ అరవైకి దగ్గరపడ్డాక కూడా ఆస్థాన చిత్రకారులు పడుచుపిల్ల ముఖాన్నే గీస్తూ వచ్చారు. 1596లో అయితే, రాణిగారి మనసు నొప్పించే బొమ్మలు ఎక్కడ దొరికినా పాడుచేయమని మంత్రిమండలే ఉత్తర్వు ఇచ్చింది. ఇదంతా ఆడవాళ్ళ చాపల్యం అని ముసిముసిగా నవ్వుతున్న పెద్దమనుషులకు ఒక మాట. 1954లో చర్చిల్ ఎనభయ్యో పుట్టినరోజుకు పార్లమెంటు బహూకరించిన ఆయన తైలవర్ణ చిత్రం ఆయనకు నచ్చలేదు. దాన్ని తర్వాత తగలబెట్టేశారు. హిట్లర్‌కి బెదరని మనిషి తన ముసలితనాన్ని చూసి బెదిరాడు.

కాబట్టి నేను ఎలిజబెత్ పక్షం.

ముందు సామగ్రి సంగతి. పెన్సిల్ మీద బి పక్కన అంకె పెరిగేకొద్దీ మెత్తదనం, నలుపు పెరుగుతాయి. హెచ్ పక్కన పెరిగితే గట్టిదనం పెరిగి గీత పలచబడుతుంది. అత్తగారి నుదుటి ముడతల మీద 6బి పెన్సిల్ పెట్టిన అల్లుడికి ఆ మరుసటి పండక్కి అరిసెలు అందవు. నేను 2హెచ్ తీసుకుని, నిద్రపోతున్న పిల్లిని నిమిరినట్టు గీశాను. మూడు ముడతలున్నచోట ఒకటే. అదీ చివరిదాకా పోకుండా మధ్యలోనే గాలిలో కలిసిపోయేలా.

వెలుగు ఇంకో శత్రువు. పక్కనుంచి పడే ఎండ ప్రతి ముడతకూ ఒక నీడను అంటగడుతుంది. అందుకని దోమలున్నాయని ఒకసారి, గాలి రావడం లేదని ఒకసారి, ఏ వంకా దొరక్క వాస్తు అని ఒకసారి ఆవిడ కుర్చీ జరిపించి, మెత్తటి వెలుగు ముఖానికి ఎదురుగా పడేలా చేశాను. వాస్తు అనగానే మారు మాట్లాడకుండా లేచారు.

పళ్ళ విషయంలో చాలామంది దెబ్బతింటారు. ఆవిడ నవ్వుతున్నారు కదా అని పంటికీ పంటికీ మధ్య గీత గీస్తే, ఒక్కో గీతకు రెండేళ్ళ చొప్పున వయసు పెరుగుతుంది. పళ్ళన్నీ కలిపి ఒకే తెల్లటి పట్టీలా వదిలేయాలి. తెల్లజుట్టు కూడా అంతే. దాన్ని గీయకూడదు. కాగితం తెల్లగానే ఉంచి, వెనకాల గోడను నల్లగా చేయాలి. గోడలకు మనోభావాలు ఉండవు.

ఇక బొట్టు. నా లెక్కలో ఇది చిత్రకారుల కోసం పుట్టిందే. చూసేవాడి కన్ను ముందుగా కాగితంలో అన్నిటికంటే నల్లటి చోటుకు పరిగెడుతుంది. దాచిపెట్టుకున్న 6బి అంతా బొట్టు మీద, కనుపాపల మీద ఖర్చుపెడితే మెడవైపు చూసే తీరిక ఎవరికీ ఉండదు. సర్కస్‌లో ఏనుగుని తెచ్చి, వెనకాల డేరా గుంజ మార్చేయడం లాంటి విద్య ఇది.

అయితే మర్యాదకు కూడా ఒక పరిమితి ఉంది. పదేళ్ళు తగ్గిస్తే గౌరవం. ఇరవై తగ్గిస్తే వెటకారం. ముప్ఫై తగ్గిస్తే అది ఆవిడ కూతురి బొమ్మ అవుతుంది. ఆ కూతురు నా భార్య కాబట్టి విచారణ మా ఇంట్లోనే జరుగుతుంది. పైగా ముడతలన్నీ చెరిపేస్తే మనిషే పోతుంది. ఒక దశలో ఉత్సాహం ఎక్కువై, చపాతీ పిండిలా ఉండే ఆ మెత్తటి రబ్బరుతో కళ్ళ చివరి గీతలు కూడా అద్దేశాను. చూస్తే కాగితం మీద ఎవరో బ్యాంకు మేనేజరమ్మ కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుగా మా మామగారి మాటలకు నవ్వాపుకుంటూ తెచ్చుకున్న గీతలవి. మళ్ళీ గీయాల్సి వచ్చింది.

మామగారు వెనకనుంచి తొంగిచూసి, "మరీ చిన్నదాన్ని చేసేయకండి బాబూ, పక్కన నిలబడితే నేను వాళ్ళ నాన్నలా కనిపిస్తాను" అని ఒక అభ్యంతరం నమోదు చేసి వెళ్ళారు.

గళ్ళు గీసుకోకుండా, ఫోటో మీద కాగితం పెట్టి దించకుండా గీయడాన్ని ఫ్రీహ్యాండ్ అంటారు. చెయ్యి స్వేచ్ఛగా ఉండాలట. అత్తగారింట్లో అల్లుడి చేతికి ఉండే స్వేచ్ఛ ఏపాటిదో పాఠకులకు విడమరచి చెప్పక్కర్లేదు.

మూడో రోజుకి బొమ్మ పూర్తయింది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని అందుకున్నారు. ముఖం వైపు చూడనే లేదు. వేలుతో మెడలోని కాసులపేరు మీద ఒక్కో కాసూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"ఇందులో తక్కువున్నాయేంటి బాబూ?"

మెడ ముడతలు దాచే హడావుడిలో పైట అంచుని కాస్త పైకి జరిపానని, దాని కింద ఆరు కాసులు పోయాయని ఎలా చెప్పను? మొహం మీద పదేళ్ళు కొట్టేసినవాణ్ణి వదిలేసి, మెడలో ఆరు కాసులు కొట్టేసినవాణ్ణి పట్టుకున్నారు. ఆ రాత్రి కూర్చుని ఆరూ గీసి అప్పజెప్పాను. అప్పుడు గానీ బొమ్మ గోడెక్కలేదు.

వాట్సాప్‌లో అది డాలస్ దాకా వెళ్ళింది. అక్కడున్న మా ఆవిడ పిన్నిగారు వెంటనే ఫోన్ చేశారు. అక్క బొమ్మ అచ్చం అక్కలాగే ఉందని, తనదీ ఒకటి గీసిపెట్టమని, హంగులేం వద్దని, ఉన్నది ఉన్నట్టు గీస్తే చాలని చెప్పి, చూసి గీయడానికి ఫోటో కూడా పంపించారు.

1984లో స్టూడియోలో తీయించుకున్నది.